ఉద్యోగంతో పాటు డాక్టరు కూడా ఎందుకు పోవాలి?

"మనకి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది కదన్నా, ఈ ఒబామాకేర్ గొడవ మనకెందుకు?" ఒబామాకేర్ సబ్సిడీల గొడవ మీద 2025 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం మూతపడిన దగ్గర్నుంచి డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు నలుగురు చేరిన ప్రతిచోటా ఈ మాట వింటున్నాను. వాట్సాప్ గ్రూపుల్లో ఇదే మాట ఇంకొంచెం ఘాటుగా వస్తోంది: "మనం కష్టపడి కట్టే ట్యాక్సులతో వాళ్ళకి సబ్సిడీలా?" ఇలా అనేవాళ్ళలో చాలామంది నాకు బాగా తెలుసు. ఎవరింట్లో జబ్బు చేసినా వండి క్యారేజీ పట్టుకెళ్ళే మనుషులు. యాక్సిడెంటైన స్టూడెంట్ కోసం చందాల లింకు వస్తే ముందుగా డబ్బు వేసేవాళ్ళు. అందుకే వాళ్ళతో ఈ సంగతి తీరిగ్గా మాట్లాడాలనిపించింది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అమెరికాలో ఆరోగ్య బీమాని ఉద్యోగానికి కట్టేయడమే అసలు సమస్య. ఆ ముడి విప్పడానికి ఈ దేశంలో ఇప్పటికే ఒక ఏర్పాటు ఉంది: ఎవరికి వారు సొంతంగా ఇన్సూరెన్స్ కొనుక్కునే ఏసీఏ (అఫర్డబుల్ కేర్ యాక్ట్, అంటే అందరూ ఒబామాకేర్ అనే చట్టం) మార్కెట్‌ప్లేస్. 2025 చివర్లో అందులో పెంచిన సబ్సిడీలను ఆగిపోనిచ్చి ఆ ఏర్పాటునే దెబ్బతీశారు. ఉద్యోగం, వీసా, ఇన్సూరెన్స్ మూడూ ఒకే యజమాని చేతిలో ఉన్న మనలాంటి వాళ్ళకి ఈ గొడవతో సంబంధం లేదనుకోవడం పొరపాటు.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2010 మార్చి 23న ఒబామా ఏసీఏ మీద సంతకం పెట్టారు. కాంగ్రెస్‌లో ఒక్క రిపబ్లికన్ ఓటు కూడా పడకుండానే అది చట్టమైంది. పాత జబ్బులున్నాయని ఇన్సూరెన్స్ నిరాకరించకూడదు, వాటి పేరుతో ఎక్కువ వసూలు చేయకూడదు అన్న నియమం దాని గుండెకాయ. కంపెనీ ఇన్సూరెన్స్ లేనివాళ్ళకి ఆదాయాన్ని బట్టి ప్రీమియంలో సాయం చేస్తారు. మొదట్లో ఆ సాయం ఒక గీత దగ్గర ఆగిపోయేది: పేదరికపు స్థాయికి నాలుగు రెట్ల ఆదాయం దాటితే ఒక్క డాలరు కూడా రాదు. 2021లో బైడెన్ ప్రభుత్వం ఆ గీత తీసేసి, ఆదాయంలో 8.5 శాతానికి మించి ఎవరూ ప్రీమియం కట్టక్కర్లేదని నిర్ణయించింది. 2022లో దాన్ని 2025 చివరిదాకా పొడిగించారు. ఆ గడువు డిసెంబరు 31తో ముగిసింది. పాత గీత మళ్ళీ వచ్చింది.

ఆ గీత ఎంత క్రూరమైందో ఒక లెక్క చెప్తాను. 2026కి ఇద్దరున్న ఇంటికి ఆ గీత 84,600 డాలర్లు. కేఎఫ్‌ఎఫ్ అనే ఆరోగ్య పరిశోధన సంస్థ లెక్క ప్రకారం, ఏడాదికి 85,000 సంపాదించే 60 ఏళ్ళ దంపతులకి ప్రీమియం భారం సగటున 22,600 డాలర్లకు పైగా పెరుగుతుంది. అంటే ఆదాయంలో దాదాపు నాలుగో వంతు పెరుగుదలకే పోతుంది. గీత మీద వాళ్ళు దాటింది నాలుగు వందల డాలర్లు. ఆ దంపతులు ఎవరు? గ్యాస్ స్టేషనో, చిన్న హోటలో నడుపుకునేవాళ్ళు, సొంతంగా కాంట్రాక్టులు చేసుకునేవాళ్ళు, లేఆఫ్ అయ్యాక ఆ వయసులో ఇంకో జాబు దొరకక మెడికేర్ (వృద్ధులకిచ్చే ప్రభుత్వ బీమా) వచ్చే 65 ఏళ్ళ కోసం ఎదురుచూసేవాళ్ళు. ఇందులో మనవాళ్ళు లేరా? మా వీధిలోనే ఉన్నారు.

ఈ సబ్సిడీల కోసమే డెమొక్రాట్లు బడ్జెట్ బిల్లుకి ఒప్పుకోలేదు. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 దాకా, 43 రోజుల పాటు ప్రభుత్వం మూతపడింది. అప్పటిదాకా అమెరికా చరిత్రలో ఇంత పొడుగు షట్‌డౌన్ ఇంకోటి లేదు. ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు జీతం లేకుండా పనిచేశారు, పేదలకిచ్చే ఫుడ్ స్టాంపులు ఆలస్యమయ్యాయి. చివరికి డెమొక్రాట్ల వైపు నుంచి 8 మంది సెనేటర్లు అవతలి పక్షంతో కలిశారు. బదులుగా దొరికింది సెనేట్‌లో ఒక ఓటింగ్ జరుపుతామన్న మాట. డిసెంబరు 11న ఆ ఓటింగ్ జరిగింది: పొడిగింపుకి అనుకూలంగా 51, వ్యతిరేకంగా 48. అక్కడ కావాల్సింది 60. రిపబ్లికన్ల ప్రత్యామ్నాయ బిల్లు కూడా అదే రోజు 60 చేరలేక పడిపోయింది. 2026 జనవరిలో ప్రతినిధుల సభ మూడేళ్ళ పొడిగింపుని ఆమోదించింది, 17 మంది రిపబ్లికన్లు కూడా ఓటేశారు. అయినా పెంచిన సబ్సిడీలు ఆగిపోయాక కొత్త ఏడాది బిల్లులు జనం ఇళ్ళకి వచ్చేశాయి.

నేను ఇందులో డెమొక్రాట్లని వెనకేసుకు రావడం లేదు. సబ్సిడీకి గడువు పెట్టింది వాళ్ళే. ఖర్చు కాగితం మీద తక్కువగా కనిపించాలని ఒకసారి రెండేళ్ళకి, ఇంకోసారి మూడేళ్ళకి చట్టం రాశారు. జనం ఆరోగ్యం మీద అలాంటి లెక్క వేయకూడదు. కానీ ఆ తప్పు సరిదిద్దే అవకాశం చేతిలో ఉండి కూడా కుదరదన్నవాళ్ళ బాధ్యత ఇంకా పెద్దది.

ఇప్పుడు "మన ట్యాక్సులు" అన్న మాట దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఆ మాటే, ఎందుకంటే అందులో సగం నిజమే ఉంది.

కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్న మనందరం సబ్సిడీ తీసుకుంటున్నాం. 2025లో కంపెనీల ద్వారా వచ్చే ఫ్యామిలీ ప్లాన్ సగటు ప్రీమియం ఏడాదికి 26,993 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి కట్ అయ్యేది సగటున 6,850. మిగతాది కంపెనీ కడుతుంది, నిజానికి అదీ మన జీతంలో భాగమే. ఈ మొత్తం మీద సాధారణంగా ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు, సోషల్ సెక్యూరిటీ ట్యాక్స్ ఉండదు. 24 శాతం శ్లాబులో ఉన్న కుటుంబానికి ఒక్క ఇన్‌కమ్ ట్యాక్స్‌లోనే ఏటా 6 వేల డాలర్లకు పైగా మిగులుతుంది. 12 శాతం శ్లాబులో ఉన్న గిడ్డంగి కార్మికుడికి అదే ప్లాన్ మీద అందులో సగమే మిగులుతుంది. జీతం పెరిగేకొద్దీ సాయం పెరిగే సబ్సిడీ ఇది. కంపెనీ ఏటా ఇచ్చే జీతం, పన్నుల కాగితం డబ్ల్యూ-2లో ఒక మూల చిన్న అంకెగా ఉంటుంది, ఎవరూ చూడరు.

దీనివల్ల ప్రభుత్వానికి రాకుండా పోయే పన్ను ఏడాదికి సుమారు 300 బిలియన్ డాలర్లు. మార్కెట్‌ప్లేస్‌లో పెంచిన సబ్సిడీలను శాశ్వతం చేస్తే పదేళ్ళకి అయ్యే ఖర్చు 350 బిలియన్లని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా వేసింది. మనకి ఒక్క ఏడాదిలో వస్తున్నదానికి దగ్గర దగ్గరగా వాళ్ళకి పదేళ్ళకి ఇవ్వాల్సి వచ్చేసరికి దేశం దివాళా తీస్తుందంటున్నారు. సాయం తీసుకోవడం తప్పయితే అందరికీ తప్పే.

ఇన్సూరెన్స్ ఉద్యోగానికి ఎలా అతుక్కుందో తెలిస్తే, ఇదేదో ఆలోచించి కట్టిన వ్యవస్థ కాదని అర్థమవుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో, ధరలు పెరగకుండా ప్రభుత్వం జీతాలకి కళ్ళెం వేసింది. మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళారు, ఫ్యాక్టరీలకి మనుషులు దొరకడం లేదు, జీతం పెంచి పిలుద్దామంటే చట్టం ఒప్పుకోదు. బీమా లాంటి సదుపాయాలను మాత్రం ఆ కళ్ళెం నుంచి మినహాయించారు. కంపెనీలు ఆ దారి పట్టాయి. 1954 పన్ను చట్టం ఆ మినహాయింపుని గట్టిగా రాసి పెట్టేసింది. మధ్యలో 1945లో ట్రూమన్ దేశమంతటికీ ఒకే బీమా పెడదామని కాంగ్రెస్‌కి ప్రతిపాదన పంపితే, అది సోషలిస్టు వైద్యమని డాక్టర్ల సంఘమే ప్రచారం చేసి అడ్డుకుంది. ఇరవై ఏళ్ళ తర్వాత జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ తెచ్చారు, అవి వృద్ధులకీ కొందరు పేదలకీ మాత్రమే. నడివయసు ఉద్యోగి యుద్ధకాలపు ఏర్పాటులోనే ఉండిపోయాడు. ఎనభై ఏళ్ళ కిందటి జీతాల నియంత్రణకి పుట్టిన పద్ధతి ఈ రోజు నా పిల్లల డాక్టర్ని నిర్ణయిస్తోంది.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పే మాట కాదు. కొన్నేళ్ళ కిందట, ఇంకా హెచ్-1బి మీదున్నప్పుడు, నేను పనిచేసే కంపెనీ ఒక శుక్రవారం పొద్దున మా టీమ్ మొత్తాన్ని తీసేసింది. నెలాఖరుతో ఇన్సూరెన్స్ ఆగిపోతుందని హెచ్‌ఆర్ మెయిల్‌లో ఉంది. మా పాపకి ఆస్తమా. రోజూ వాడే ఇన్‌హేలర్ ఉంది, రాత్రుళ్ళు ఆయాసం వస్తే వాడేది ఇంకోటి ఉంది, ఏళ్ళ తరబడి చూస్తున్న స్పెషలిస్టు ఉంది. ఉద్యోగం పోయినవాళ్ళ బీమా కోసం ఉన్న కోబ్రా అనే చట్టం కింద కాగితాలు వచ్చాయి. పాత ప్లాన్‌నే 18 నెలల దాకా ఉంచుకోవచ్చు, కాకపోతే ఉద్యోగి వాటా, కంపెనీ వాటా రెండూ మనమే కట్టాలి, పైన 2 శాతం నిర్వహణ ఖర్చు. జీతం లేని నెలలో రెండు వేల డాలర్ల పైచిలుకు. ఇంకో పక్క వీసా గడువు 60 రోజులు. ఆలోపు కొత్త ఉద్యోగం దొరక్కపోతే సామాన్లు సర్దుకోవాలి. ఆ టెన్షన్‌లో నా భార్య ఇన్‌హేలర్‌లో ఎన్ని డోసులు మిగిలాయో చూస్తూ ఉండేది.

మార్కెట్‌ప్లేస్‌లో ఒక ప్లాన్ తీసుకున్నాం. ఆ ఏడాది ఆదాయం లెక్కన సబ్సిడీ వచ్చింది, చేతికందే ధరలో పడింది. అది లేకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ఇష్టపడను. కానీ ఆ స్పెషలిస్టు కొత్త ప్లాన్ నెట్‌వర్క్‌లో, అంటే ఆ ప్లాన్ ఒప్పుకునే డాక్టర్ల జాబితాలో, లేదు. అదే ఊరు, అదే పాప, అదే జబ్బు. మారింది నా యజమాని మాత్రమే. మళ్ళీ ఉద్యోగం దొరికింది, మళ్ళీ ప్లాన్ మారింది, డాక్టర్ మళ్ళీ మారింది. ప్రతిసారీ పాప చరిత్రంతా మొదట్నుంచి చెప్పుకోవాలి, ప్రతిసారీ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించడం మొదలయ్యేలోపు మన జేబులోంచి పెట్టాల్సిన డబ్బు) సున్నా నుంచి మొదలు. పాపకి మొదటినుంచీ మార్కెట్‌ప్లేస్ ప్లానే ఉండి ఉంటే, నేను ఎన్ని కంపెనీలు మారినా డాక్టర్ మారాల్సిన పని ఉండేది కాదు.

ఇప్పుడు అదే పరిస్థితిలో పడే హెచ్-1బి కుటుంబం గురించి ఆలోచించండి. 2025 జూలై 4న ట్రంప్ సంతకం చేసిన పెద్ద చట్టంలో మన గ్రూపుల్లో ఎవరూ పెద్దగా మాట్లాడని నిబంధన ఒకటి ఉంది. 2027 జనవరి 1 నుంచి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ పౌరులకీ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకీ, ఇంకా ఒకటి రెండు ప్రత్యేక వర్గాలకీ మాత్రమే. హెచ్-1బి వాళ్ళకి ఉండదు. ఎల్-1, ఎఫ్-1 వాళ్ళకి ఉండదు. చట్టబద్ధంగా వచ్చి, పన్నులు కట్టి, భారతీయుల గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడ్డ మనిషికి ఉద్యోగం పోయిన నెలలో పూర్తి ధర పెట్టి కొనుక్కో అంటున్నారు. "మన ట్యాక్సులతో వాళ్ళకి సబ్సిడీలా" అన్న మాటలో "వాళ్ళు" ఎవరో ఇప్పుడు చట్టమే చెప్పింది. అది మనమే.

తల్లిదండ్రుల సంగతీ ఉంది. సిటిజన్‌షిప్ వచ్చిన పిల్లలు గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలకి గ్రీన్‌కార్డు చేయించి తెచ్చుకుంటారు. అమెరికాలో పనిచేసిన చరిత్ర లేదు కాబట్టి, 65 దాటినా ఐదేళ్ళు ఇక్కడ ఉంటే గానీ మెడికేర్ కొనుక్కోవడం కూడా కుదరదు. మెడికెయిడ్‌కి సాధారణంగా ఐదేళ్ళ నిరీక్షణ 1996 నుంచే ఉంది. ఆదాయం లేని ఇలాంటి కొత్త గ్రీన్‌కార్డుదారులకి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ ఇచ్చే వెసులుబాటు ఏసీఏలో ఉండేది. 2026 నుంచి దాన్ని తీసేశారు. పెద్దవాళ్ళని తెచ్చుకున్న పిల్లలే ఖర్చు భరించాలన్న వాదనలో న్యాయముందని నేనూ ఒప్పుకుంటాను. అలాగైతే న్యాయమైన ధరకి మెడికేర్‌లో చేరే దారి మొదటి రోజునుంచే ఇవ్వొచ్చు. దారులన్నీ మూసేస్తే షుగర్, బీపీ ఉన్న పెద్దాయన చివరికి ఎమర్జెన్సీ రూముకే చేరతాడు. 1986 నుంచి అక్కడ ఎవర్నీ చూడకుండా పంపకూడదు. ఆ బిల్లు అందరి ప్రీమియంలలోకీ పాకుతుంది.

సబ్సిడీలు వద్దనేవాళ్ళ వాదనలో నిజముంది. ఆ డబ్బు నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీలకే వెళ్తుంది. ప్రీమియం సున్నా ఉన్న ప్లాన్లలో జనానికి తెలియకుండానే కొందరు బ్రోకర్లు పేర్లు చేర్చేసి కమిషన్లు తిన్నారు, ఆ ఫిర్యాదులు నిజం. అసలు ఈ దేశంలో ఆసుపత్రి ధరలే అన్యాయం, సబ్సిడీ వాటిని తగ్గించదు. అన్నీ ఒప్పుకుంటాను. అలాంటి బ్రోకర్ల మీద కేసులు పెట్టాలి, ధరల మీద చట్టం తేవాలి. కానీ మోసం చేసిన బ్రోకర్‌కి వేయాల్సిన శిక్ష 60 ఏళ్ళ దంపతులకి వేశారు. రిపబ్లికన్ల బిల్లు ఏమంది? ఆదాయాన్ని బట్టి, వయసుని బట్టి ఏడాదికి 1,000 లేదా 1,500 డాలర్లు హెల్త్ సేవింగ్స్ అకౌంటులో వేస్తామంది, అదీ తక్కువ స్థాయి ప్లాన్ తీసుకుంటేనే. ఆ బ్రాంజ్ ప్లాన్లలో సగటు డిడక్టిబుల్ 7 వేల డాలర్లు దాటింది. క్యాన్సర్ ఉన్న మనిషికి ఆ వెయ్యి డాలర్లు మొదటి వారానికి కూడా చాలవు.

నన్ను ఆశ్చర్యపరిచేది ఇంకోటి. ఇన్సూరెన్స్‌ని ఉద్యోగం నుంచి విడదీయాలని ఎప్పటినుంచో అంటున్నది కన్జర్వేటివ్ ఆర్థికవేత్తలే. ట్రంప్ మొదటి ప్రభుత్వం 2019లో చేసిన ఒక మంచి నియమం వల్ల, 2020 నుంచి కంపెనీలు సొంత ప్లాన్ పెట్టే బదులు ఉద్యోగికి పన్ను లేని డబ్బిచ్చి, మార్కెట్లో నీకు నచ్చింది కొనుక్కో అనొచ్చు. నేను కోరుకునేది సరిగ్గా అదే. ఉద్యోగం మారినా ప్లాన్ మారదు, డాక్టర్ మారదు. అయితే ఉద్యోగి వెళ్ళి కొనుక్కునేది ఏసీఏ నియమాల కింద నడిచే మార్కెట్లోనే. సబ్సిడీలు పోతే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్ళు బయటికి పోతారు, జబ్బులున్నవాళ్ళు మిగులుతారు, ధరలు ఇంకా పెరుగుతాయి. అప్పుడు ఏ కంపెనీ తన ఉద్యోగుల్ని అక్కడికి పంపుతుంది?

దీనికి డబ్బెక్కడిదంటే, ఇందాక చెప్పిన 300 బిలియన్లలోంచే కొంత. ఏసీఏలోనే అలాంటి ఏర్పాటు ఉండేది: బాగా ఖరీదైన కంపెనీ ప్లాన్ల మీద, ఒక పరిమితి దాటిన భాగానికి 40 శాతం పన్ను. యూనియన్లు వద్దన్నాయి, కంపెనీలు వద్దన్నాయి. ఒక్క రోజు కూడా అమలు కాకుండానే 2019 డిసెంబరులో రెండు పార్టీలూ కలిసి దాన్ని రద్దు చేశాయి. దాన్ని మెల్లగా తిరిగి తేవాలి. దానివల్ల నాలాంటి వాళ్ళ చేతికొచ్చే జీతం కొంచెం తగ్గొచ్చు. నాకు సమ్మతమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, నీ యజమాని ఎవరని రోగిని ఎవరూ అడగలేదు. తెల్ల రేషన్ కార్డు చూశారు, ఆపరేషన్ చేశారు. ఆసుపత్రుల బకాయిలు, ఏ జబ్బు జాబితాలో ఉంది, ఏది లేదు అన్న గొడవలు అందరికీ తెలిసినవే. అయినా మా ఊళ్ళో గుండె ఆపరేషన్ చేయించుకున్న కౌలు రైతుకి దొరికిన ఆ ఒక్క వెసులుబాటు, ఇక్కడ లక్ష డాలర్ల జీతగాడికి లేదు.

మెడికెయిడ్ గురించి కూడా చెప్పాలి. అదే జూలై చట్టం ప్రకారం, పేదల బీమా మెడికెయిడ్‌ని ఏసీఏ విస్తరించడం వల్ల అందులోకి వచ్చిన వయోజనులు 2027 నుంచి నెలకి 80 గంటలు పనో, చదువో, సేవో చేస్తున్నట్టు రుజువు చూపించాలి. వినడానికి బాగానే ఉంటుంది. 2018లో అర్కన్సాలో ఇదే చేశారు. ఆన్‌లైన్‌లో గంటలు నమోదు చేయాలన్నారు, ఆ వెబ్‌సైటు రాత్రి 9 నుంచి పొద్దున 7 దాకా మూసి ఉండేది. కోర్టు ఆపేలోపు 18 వేల మందికి పైగా ఇన్సూరెన్స్ పోయింది. వాళ్ళలో చాలామంది పని చేసుకుంటున్నవాళ్ళే, కాగితం సమయానికి చేరలేదు. వీసా కాగితాల్లో ఒక్క తేదీ తప్పు పడితే ఏమవుతుందో తెలిసిన మనకి ఇది ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు. మా టెక్సాస్‌లో ఆ మెడికెయిడ్ విస్తరణే జరగలేదు. పిల్లల్లేని, 65 నిండని మనిషికి, వికలాంగుడు కాకపోతే, ఎంత పేదవాడైనా సాధారణంగా మెడికెయిడ్ రాదు. మరీ పేదవాడు కాబట్టి మార్కెట్‌ప్లేస్ సబ్సిడీ కూడా రాదు. దేశంలో ఇన్సూరెన్స్ లేనివాళ్ళ శాతం అన్నిటికంటే ఎక్కువ ఉన్న రాష్ట్రం మాదే.

2026 నవంబరులో ప్రతినిధుల సభలో 435 సీట్లకీ, సెనేట్‌లో మూడో వంతుకీ ఎన్నికలు. మన సంఘాల సభలకీ, దీపావళి విందులకీ, గుళ్ళకీ అభ్యర్థులు వస్తారు, శాలువా కప్పించుకుంటారు, నమస్తే అంటారు. వీసాల గురించి మనం ఎలాగూ అడుగుతాం. ఈసారి ఇంకో మూడు ప్రశ్నలు అడగండి. 84,600 దగ్గర గీత తీసేయడానికి మీరు ఓటేస్తారా? పన్నులు కట్టే హెచ్-1బి కుటుంబానికి 2027లో సబ్సిడీ ఆపేయడం మీకు న్యాయంగా ఉందా? ఉద్యోగం పోయినవాడి ప్లాన్ అతని దగ్గరే ఉండే చట్టానికి మీ పేరు ఇస్తారా? జవాబు తిన్నగా రాకపోతే మళ్ళీ అడగండి. ఓటు హక్కు లేనివాళ్ళు కూడా అడగొచ్చు. ఆ జవాబులు వీడియో తీసి, "మనకెందుకన్నా" అన్న ఆ గ్రూపుల్లోనే పెట్టండి.